సూట్‌కేసులో వచ్చిన మాత్రలు

ఆ ఫారంలో ఆరోగ్యం గురించిన ప్రశ్న దగ్గర నేను 'లేదు' అని టిక్కు పెట్టాను. మానసికమైన దిగులుకు ఎప్పుడైనా మందులు వాడారా అన్నది ఆ ప్రశ్న సారాంశం. వాడాను. తొమ్మిది నెలలు, రోజూ భోజనం తర్వాత ఒక మాత్ర. ఆ సంగతి అప్పుడు చెప్పలేదు. చెప్పకపోవడం ఒక తప్పు. దాన్ని కప్పిపుచ్చుకోవడానికి నా మిత్రుడి మాటకు విలువ లేకుండా చేయడం రెండో తప్పు, అంతకన్నా పెద్దది. ఇంగ్లండులోని స్లౌ ఊళ్ళో మా తెలుగువాళ్ళలో ఈ కథ మరో రకంగా తిరిగింది. ఆ రకం పుట్టించినవాణ్ణి నేనే. అందుకే ఉన్నది ఉన్నట్టు రాయాలని కూర్చున్నాను.

ఫారం రైఫిల్ కోసం. అనంతపురంలో డిగ్రీ చదివేటప్పుడు ఎన్‌సీసీలో ఒకసారి మమ్మల్ని ఊరి బయట గుట్ట దగ్గరికి తీసుకెళ్ళి తలా ఐదు తూటాలు ఇచ్చారు. బోర్లా పడుకుని కాల్చాను. ఐదూ రూపాయి బిళ్ళంత చోటులో పడ్డాయి. హవల్దారు ఆ కాగితాన్ని మడిచి నా చొక్కా జేబులో పెట్టి వెళ్ళిపోయాడు. చదువులోనూ ఆటల్లోనూ నేను అంతంతమాత్రం. ఆ కాగితం మాత్రం చాలా ఏళ్ళు దాచుకున్నాను. నలభై ఎనిమిదేళ్ళ వయసులో, ఇక్కడి ఆఫీసులో ఒక సహోద్యోగి తన షూటింగ్ క్లబ్బు గురించి మాటల్లో చెబితే, ఆ శనివారమే వెళ్ళాను.

కంకర తవ్వి వదిలేసిన గుంతల వెనక ఇటుకల షెడ్డు అది. కొత్తవాళ్ళు కొన్ని నెలలు క్లబ్బు తుపాకులతోనే, ఎవరో ఒకరి కళ్ళ ముందే కాల్చాలి. నాకు నేర్పినాయన రైల్వేలో సిగ్నల్‌మన్‌గా పనిచేసి రిటైరైన పెద్దమనిషి. ఆయన సొంత తుపాకి రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైనికులు భుజాన వేసుకున్న కార్బైన్ అనే పొట్టి రైఫిల్‌కు ఈ కాలపు నకలు. అసలుది ఈ దేశంలో మామూలు మనిషి ఇంట్లో పెట్టుకోవడానికి వీల్లేదు. పెద్ద తూటాల సెమీ ఆటోమేటిక్ రైఫిళ్ళు నిషేధం. సన్నటి పాయింట్ టూటూ తూటా వేసేవైతే పోలీసులిచ్చే సర్టిఫికెట్ మీద ఇస్తారు. అందుకని పాత తుపాకి రూపాన్నే ఉంచి, లోపల చిన్న తూటాకు సరిపడేలా కొత్తగా తయారు చేస్తున్నారు. ట్రిగ్గర్ నొక్కినప్పుడల్లా ఒక్కటే తూటా వెళుతుంది. మధ్యలో బోల్టు లాగే పని లేదు కాబట్టి కన్ను గురి మీదనుంచి కదలదు. ఆయన దాన్ని ఒకరోజు నా చేతికిచ్చాడు. తుపాకి వెనక కర్ర దవడకు ఆనిన తీరు, వెనక్కి తన్నకుండా మెత్తగా కదిలిన తీరు నాకు ఇప్పటికీ గుర్తు. పది కాల్చి ఇచ్చేశాను. అదే కొనాలని ఇంటికి వచ్చేలోపే తీర్మానించుకున్నాను.

ఊరికి ముప్పావుగంట దూరంలో తుపాకుల దుకాణం ఉంది. వాళ్ళ దగ్గర అచ్చం అలాంటిదే ఒకటి కొత్తది ఉంది. దుకాణదారు దాన్ని చూపించి, సర్టిఫికెట్ వచ్చేదాకా పక్కన పెడతానన్నాడు. ఇంట్లో మెట్ల కింద అరలో గోడకు బోల్టులు వేసి ఇనుప బీరువా బిగించాను. దాని తాళాలు ఎక్కడుంటాయో సర్టిఫికెట్ ఉన్నవాడికి తప్ప భార్యకు కూడా తెలియకూడదని నిబంధన. నా భార్య విని నవ్వింది.

"పెండ్లయి ఇరవై రెండేండ్లయింది. నాకు తెలియని తాళం ఈ ఇంట్లో ఇదే మొదటిది" అంది.

ఇంతవరకు అంతా సజావుగానే ఉంది. ఫారం దగ్గర ఆగాను.

దానికి ఆరేళ్ళ ముందు మా ప్రాజెక్టు మూసేశారు. కొత్త ఉద్యోగం నాలుగు నెలల్లో దొరికింది కానీ అప్పటికే నాలో ఏదో ఆగిపోయింది. స్నానం చేయడానికి కూడా ఎవరో తోయాల్సి వచ్చేది. నా భార్య జీపీ దగ్గరికి, అంటే ఇక్కడి మా ఫ్యామిలీ డాక్టరు దగ్గరికి, వెళదామని ఎన్నిసార్లు చెప్పినా నేను ఒప్పుకోలేదు. సర్జరీలో, అంటే ఆ డాక్టరు క్లినిక్కులో, చెబితే రికార్డులోకి ఎక్కుతుంది. ఎక్కితే రేపు ఉద్యోగానికి అడ్డు, ఇన్సూరెన్సుకు అడ్డు, ఇంకా దేనికి అడ్డో ఎవరికి తెలుసు. ఇది నా ఒక్కడి భయం కాదు. మావాళ్ళలో చాలామంది షుగరు మాత్రలకు జీపీ దగ్గరికి వెళతారు, మనసు మాత్రలకు ఊరికి ఫోన్ చేస్తారు. నేనూ అదే చేశాను. కర్నూలులో డాక్టరుగా ఉన్న మా పెద్దమ్మ కొడుకు ఫోన్‌లోనే విని, మందు పేరు చెప్పాడు. తెచ్చింది నా మిత్రుడు.

అతను నాకంటే ఐదేళ్ళు పెద్ద. ధర్మవరం వైపువాడు. ఇక్కడి హైస్కూల్లో లెక్కల మాస్టారు. మేనకోడలి పెళ్ళికి వెళ్ళి వస్తూ సూట్‌కేసులో శనక్కాయల పొడి పొట్లాల మధ్య మూడు నెలల మాత్రలు పెట్టుకొచ్చాడు. ఇచ్చేటప్పుడు కారులో కూర్చోబెట్టి ఒక షరతు పెట్టాడు: ఇవి అయిపోయేలోపు ఇక్కడి డాక్టరుకు చూపించుకోవాలి. సరేనన్నాను. ఆ రోజే, పొద్దున లేవకపోతే బాగుండునని అనిపిస్తోందని అతనితో ఒక్కడితో అన్నాను. తర్వాత నెలన్నర పాటు అతను రోజూ స్కూలుకు పోతూ మా ఇంటి ముందు హారన్ కొట్టి, నేను కిటికీలో కనబడ్డాకే కదిలేవాడు. మిగతా ఆరు నెలల మాత్రలు వేరేవాళ్ళ సూట్‌కేసుల్లో వచ్చాయి. డాక్టరుకు నేను చూపించుకోలేదు. నెమ్మదిగా బాగుపడ్డాను.

కాబట్టి ఫారంలో ఆ ప్రశ్న చూసినప్పుడు నాకు నేను చెప్పుకున్న మాట ఇది: సర్జరీ రికార్డులో లేదు కనుక, జరగనట్టే.

ఆ దరఖాస్తుకు నన్ను ఎరిగినవాళ్ళు ఇద్దరు రెఫరీలుగా, అంటే నా గురించి పోలీసులకు చెప్పేవాళ్ళుగా, ఉండాలి. ఒకరు క్లబ్బు సెక్రటరీ. రెండో పేరు మాస్టారిది రాశాను. కారణముంది. అప్పట్లో మా తెలుగువాళ్ళ పిల్లల పాస్‌పోర్టు ఫోటోల వెనక, ఫోటోలోది ఆ పిల్లేనని సంతకం కావాలంటే అందరూ అతని దగ్గరికే వెళ్ళేవారు. అతను ఊరికే పెట్టేవాడు కాదు. పిల్లను ఎదురుగా నిలబెట్టి, మొహం చూసి, ఫోటో చూసి, మళ్ళీ మొహం చూసి పెట్టేవాడు. తనకు రెండేళ్ళుగా తెలియని కుటుంబమైతే టీ ఇచ్చి పంపేవాడు. ఆ చాదస్తం మీద మేమంతా జోకులు వేసేవాళ్ళం. మా ఊళ్ళో గెజిటెడ్ ఆఫీసరు తలెత్తకుండా ఆకుపచ్చ ఇంకుతో ఇరవై కాగితాల మీద గీసిన సంతకాలు చూసి పెరిగినవాణ్ణి నేను. సంతకమంటే ఉపకారం అనుకున్నాను. అతను సాక్ష్యం అనుకున్నాడు.

పేరు రాసేముందు అడిగాను. అతను ఫారం అంతా చదివాడు.

"ఏమప్పా, ఇది సంతకంతో పోయేది కాదే. వాళ్ళు అడుగుతారంట."

"ఏముంటాదన్నా. మంచోడని చెప్తే చాలు."

"మంచోడివే. అడిగింది మాత్రం చెప్తా."

ఆ మాట నేను విన్నాను. వినలేదని తర్వాత చాలామందితో అన్నాను.

రెండు నెలలకు పోలీసుల తరఫున ఒక ఆవిడ ఇంటికి వచ్చింది. బీరువా చూసింది, బోల్టులు లాగి చూసింది, టీ తాగింది. వెళ్ళేముందు పెన్ను తీసి, దిగులుకు ఎప్పుడైనా మాత్రలు వాడారా, వేరే దేశంనుంచి తెప్పించుకున్నవైనా సరే, అని అడిగింది. వేరే దేశం అన్న మాటతో నాకు అంతా అర్థమైంది. ఇంకో ప్రశ్న అడగకుండానే ఎవరు చెప్పారో తెలిసిపోయింది. నేను వెంటనే, చాలా మామూలుగా, ఆ మాత్రలు అప్పట్లో మా దగ్గర ఉండడానికి వచ్చిన మా అమ్మవి అన్నాను. తెచ్చిన మిత్రుడు పొరపాటు పడి ఉంటాడన్నాను. వంటగది గుమ్మంలో నిలబడ్డ నా భార్య లోపలికి వెళ్ళిపోయింది. ఆ అధికారి అంతా రాసుకుని, మళ్ళీ మాట్లాడతామని చెప్పి వెళ్ళింది. వాళ్ళు మళ్ళీ మాట్లాడేలోపే, ఆఫీసు పని ఒత్తిడి అని రాసి దరఖాస్తు వెనక్కి తీసుకున్నాను. దుకాణదారుకు ఫోన్ చేసి ఆ కార్బైన్ ఎవరికైనా ఇచ్చేయమన్నాను.

అక్కడితో ఆగి ఉంటే నష్టం నాకే. ఆగలేదు.

వినాయక చవితికి కమ్యూనిటీ హాలు అద్దెకు తీసుకుని అందరం కలిశాం. వంటగదిలో నేనూ మరో నలుగురూ పులిహోర కలుపుతున్నాం. గుంటూరు మిత్రుడొకడు నన్ను ఎప్పుడూ ఏడిపిస్తుంటాడు.

"ఏం రెడ్డిగారో, తుపాకి వచ్చిందా? సుమోలు ఎప్పుడు దిగుతున్నాయి? ముందే చెబితే మేం ఊరొదిలి హారో వెళ్ళిపోతాం" అన్నాడు.

అందరూ నవ్వారు. నేను రెడ్డిని కాను. రాయలసీమవాడు ఎవరైనా అతనికి రెడ్డిగారే. రాలేదని, నేనే మానుకున్నానని చెప్పి ఊరుకోవచ్చు. నేనన్న మాట ఇది:

"వచ్చేదే. మాస్టారు పోలీసులకు ఏదో ఎక్కించినాడు. ఓర్వలేనోళ్ళు ఉంటారు కదా."

ఒక్క మాట. గరిటె తిప్పుతూ అన్నాను. దానికి తర్వాత నేను ఏమీ కలపాల్సిన పని లేకపోయింది, మిగతావాళ్ళే కలిపారు. నెల తిరక్కుండా మాస్టారు అందరి వీసాల సంగతీ ఆరా తీస్తాడని, ఇంట్లో గది అద్దెకిచ్చినవాళ్ళ పేర్లు ఊరి కౌన్సిల్‌కు చెబుతాడని తేలింది. ఎవరూ ఏదీ చూడలేదు. ఆదివారాలు అతను ఊరికే చెప్పే లెక్కల క్లాసుకు పధ్నాలుగు మంది పిల్లలు వచ్చేవారు. ముగ్గురు మిగిలారు. మానేసినవాళ్ళలో మా అమ్మాయి మొదటిది. నేనే మాన్పించాను. ఎందుకని అడిగితే, ఆయన మన గురించి పోలీసులకు చెప్పాడన్నాను.

"బట్ డాడ్, డిడ్ హీ లై?" అంది.

పెద్దవాళ్ళ విషయాలు నీకెందుకన్నాను. పదిహేనేళ్ళ పిల్ల, నా మొహం వంక చూసి ఫోన్ తీసుకుంది.

తర్వాత ఒకరోజు నా భార్య బట్టలు మడుస్తూ, మాస్టారి భార్య బస్‌స్టాపులో కనబడిందని చెప్పింది. పోలీసులు ఫోన్ చేసినప్పుడు ఆవిడ పక్కనే ఉందట. మాస్టారు చెప్పిన మాటలు ఆవిడ చెప్పింది, నా భార్య నాకు చెప్పింది: "మనిషి మంచివాడు, ఇప్పుడు బాగున్నాడు, ఇవ్వొచ్చని నా అభిప్రాయం. అప్పట్లో మాత్రలు వాడినాడు, నేనే తెచ్చిచ్చినాను, మిగతాది ఆయన్నే అడగండి."

"నువ్వు నిజం చెప్పింటే వచ్చేదేమో ఆ తుపాకి" అని, మడిచిన బట్టలు తీసుకుని పైకి వెళ్ళింది.

అది విన్నాక కూడా నేను సంవత్సరం పైన ఊరుకున్నాను. ఈ ఒక్క వాక్యం రాయడానికే నాకు ఎక్కువ సేపు పట్టింది. ఒకసారి సూపర్‌మార్కెట్‌లో కొత్తిమీర దగ్గర మాస్టారు ఎదురుపడ్డాడు. "ఏమప్పా, బాగుండావా" అన్నాడు. బాగున్నానని చెప్పి, కొత్తిమీర తీసుకోకుండానే వచ్చేశాను.

నన్ను కదిల్చింది ఒక చిన్న విషయం. ఉగాది రోజు అదే హాల్లో, ఊరికి కొత్తగా వచ్చిన జంట ఒకటి, పక్క కుర్చీలో ఉన్న పెద్దాయన్ని పాప పాస్‌పోర్టు ఫోటో మీద సంతకానికి ఎవరున్నారని అడిగారు. ఆయన మాస్టారి పేరెత్తి, వెంటనే వద్దన్నాడు. "ఆయనతో జాగ్రత్తమ్మా, పోలీసులకు ఫోన్ చేసే రకం. కావాలంటే ఈయన్ను అడగండి" అని నన్ను చూపించాడు. ఆ అమ్మాయి నా వైపు తిరిగింది. ఒళ్ళో పాప ఉంది. నేను చేతిలోని ఉగాది పచ్చడి గ్లాసులోకి చూస్తూ ఉండిపోయాను. అవునని అనలేదు. కాదని కూడా అనలేదు. వాళ్ళకు సమాధానం అందింది.

ఆ సోమవారం పొద్దున ఎనిమిదింటికి సర్జరీకి ఫోన్ చేశాను. అపాయింట్‌మెంట్ దొరకడానికి మూడు రోజులు వరసగా చేయాల్సి వచ్చింది, చేశాను. డాక్టరు నా కూతురి కంటే పదేళ్ళు పెద్దదేమో. మందు పేరు, ఎన్ని నెలలు, ఎవరు రాశారు, కారులో నేనన్న మాట, అన్నీ చెప్పాను. ఇన్నేళ్ళు నేను భయపడ్డ రికార్డులో అది ఎక్కడానికి నాలుగు నిమిషాలు పట్టింది. ఆమె టైపు చేసి, ఇప్పుడెలా ఉందని అడిగి, చెప్పినందుకు థాంక్స్ అంది.

తర్వాత కొత్త ఫారం తెచ్చుకున్నాను. ఆ ప్రశ్న దగ్గర 'అవును' అని పెట్టి, విడిగా ఒక కాగితం జతచేశాను. అందులో మొదటి దరఖాస్తులో అబద్ధం చెప్పానని, ఇంటికి వచ్చిన అధికారితో కూడా అబద్ధమే చెప్పానని, రెఫరీ చెప్పిందే నిజమని రాశాను. దాని మీద కేసు పెట్టినా పెట్టొచ్చని తెలిసే రాశాను. రెండో రెఫరీగా ఈసారి ఆఫీసు సహోద్యోగి ఒకతన్ని అడిగాను. సంతకానికి ముందు అతనికీ మొత్తం చెప్పాను. మళ్ళీ ఆ పాత అధికారే వచ్చింది. పోయినసారి మీ అమ్మగారి మాత్రలన్నారు కదా అంది. నేను అబద్ధమాడానన్నాను. నా భార్య ఈసారి గుమ్మంలోనే నిలబడింది.

ఎనిమిది నెలలు పట్టింది. డాక్టరు రిపోర్టు అడిగారు, ఇంకో రిపోర్టు అడిగారు, గట్టి హెచ్చరికతో ఒక ఉత్తరం పంపారు. రాదనే అనుకున్నాను. వచ్చింది. పాయింట్ టూటూ సెమీ ఆటోమేటిక్ రైఫిల్ ఒకటి కొనవచ్చని అందులో రాసి ఉంది.

శనివారం దుకాణానికి వెళ్ళాను. మొదటి కార్బైన్ ఎప్పుడో అమ్ముడైపోయింది. దుకాణదారు అదే రకం ఇంకొకటి తెప్పించి ఉంచాడు. అతను దాన్ని తెరిచి లోపల ఖాళీ అని చూపించాడు, నేనూ చూసి ఖాళీ అన్నాను. దాని నంబరు నా సర్టిఫికెట్ మీద తన చేత్తో రాశాడు. నంబరులో ఒక్కో అంకె రాసి, తుపాకి మీద చూసి, మళ్ళీ కాగితం మీద చూశాడు. ఫోటో చూసి, మొహం చూసి, మళ్ళీ ఫోటో చూసే మనిషి గుర్తొచ్చాడు. దుకాణదారు పెన్ను కింద పెట్టేదాకా నేను తుపాకిని ముట్టుకోలేదు.

ఇక్కడ కూడా ఒకటి చెప్పాలి. మాస్టారి దగ్గరికి ముందే ఎందుకు వెళ్ళలేదంటే, సర్టిఫికెట్ రాకముందు వెళితే మళ్ళీ సంతకం కోసం వచ్చాడనుకుంటాడని. ఇది సగం నిజం. మిగతా సగం పిరికితనం. కార్బైన్ ఇంటికి తెచ్చి బీరువాలో పెట్టి తాళం వేశాను. ఒక్క తూటా కాల్చేముందు మాస్టారి దగ్గరికి వెళ్ళే పని అయిపోవాలని నాకు నేను గడువు పెట్టుకున్నాను.

మర్నాడు ఆదివారం హాల్లో నెలవారీ భోజనాలు. వంటగదిలో ఇంచుమించు అప్పటివాళ్ళే ఉన్నారు. గుంటూరు మిత్రుడు నన్ను చూడగానే, "ఏం రెడ్డిగారో, ఆయుధం దిగిందంటగా" అన్నాడు. దిగిందన్నాను. అందరూ ఒక్క నిమిషం చేతిలో పని ఆపమన్నాను. అప్పుడు మాస్టారి గురించి నేనన్నది అబద్ధమని, మాత్రలు మింగింది నేనని, పోలీసులతో అబద్ధమాడింది నేనని, అతను నా గురించి మంచే చెప్పాడని చెప్పాను. సాంబారు పొంగుతోంది. ఎవరూ మంట తగ్గించలేదు. చివరికి గుంటూరు మిత్రుడే వెళ్ళి తగ్గించి, నా వైపు చూడకుండా, "మావాడు ఆ క్లాసు మానేసి లెక్కల్లో తప్పాడు" అన్నాడు. అతని గొంతులో వేళాకోళం లేదు. ఆ మాట నాకు తగినదే. ఉగాదినాటి జంట నంబరు కనుక్కుని వాళ్ళకు కూడా ఫోన్ చేశాను.

భోజనం చేయకుండా మాస్టారి ఇంటికి నడిచాను. పావుగంట దారి. తలుపు అతనే తీశాడు. కళ్ళజోడు నుదుటి మీద ఉంది, వెనక బల్ల మీద దిద్దుతున్న పేపర్లున్నాయి.

"రాప్పా. కొన్నావంటనే?"

"కొన్నా అన్నా."

"మంచిది. లోపలికి రా, వాకిట్లో యాల?"

నేను చెప్పులు విప్పలేదు. విప్పితే టీ వస్తుంది, టీ వస్తే మాట దాటిపోతుంది. గడప బయటే నిలబడి చెప్పాను.

"అన్నా, నువ్వు నిజం చెప్పినావు. నేను నిన్ను అబద్ధాలకోరును చేసినా. ఆ పొద్దు కారులో ఏమన్నానో నీకు తెలుసు, నెలన్నర నా కిటికీ కింద హారన్ కొట్టింది నువ్వు. అట్లాంటోనికి నేను ఓర్వలేనితనం అంటగట్టినా. హాల్లో అందరికీ ఇప్పుడే చెప్పొచ్చినా, వాళ్ళు నీతో ఏమంటారో నాకు తెలీదు. నీ క్లాసు పోయింది, నీ మాట పోయింది, రెండేండ్లు పోయినాయి. అవి నేను తెచ్చియ్యలేను. నన్ను క్షమించమని అడిగే హక్కు కూడా లేదు, అయినా అడుగుతాండా. తప్పు నాది అన్నా. నన్ను క్షమించు."